కషాయానికి దక్కిన పేరు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బీపీ ప్రస్తావన వస్తే చాలు, ఊరు మారినా మారని కథ ఒకటి వినబడుతుంది. ఒకాయనకు బీపీ 170 ఉందని సబ్‌సెంటర్‌లో తేలుతుంది. గోలీలు రాసిస్తారు. రెండు నెలలు వేసుకున్నాక 130కి దిగుతుంది. ఇక బతికినంత కాలం ఈ గోలీలేనా అన్న దిగులుతో ఆయన వాటిని బంద్ పెట్టి, ఎవరో చెప్పిన కషాయం మొదలుపెడతాడు. నాలుగైదు రోజులకు మళ్ళీ చూపించుకుంటే 132. కషాయం పని చేసిందన్న ముచ్చట పది ఇళ్ళకు పాకుతుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు, మిషన్ చూపించిందీ తప్పు కాదు. అయినా ఆ 132 కషాయం చలవ అనడానికి ఆధారం లేదు. ఎందుకో తెలిస్తే బీపీకి వాడే ఆకులు, వేర్లు, పొడుల గురించి సగం సంగతి తెలిసినట్టే.

మన ప్రభుత్వ దవాఖానల్లో ఎక్కువమందికి ఇచ్చే బీపీ గోలీ అమ్లోడిపిన్. ఇది ఒంట్లోంచి చాలా నెమ్మదిగా బయటికి పోతుంది. వేసుకున్న మందు సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మిగిలిన సగంలో సగం పోవడానికి మళ్ళీ అంతే. రోజూ వేసుకుంటున్న మనిషి హఠాత్తుగా ఆపేస్తే దాని ప్రభావం పూర్తిగా పోవడానికి వారం, పది రోజులు కావాలి. అంటే కషాయం తాగిన మొదటి వారమంతా కాపాడింది పాత గోలీయే. ఆ తర్వాత బీపీ మెల్లగా ఎక్కుతుంది, కానీ ఎక్కుతున్నట్టు తెలియదు. తలనొప్పి రాదు, కళ్ళు తిరగవు. నాలుగో రోజున పరీక్ష చేయించుకున్న మనిషి నలభయ్యో రోజున చేయించుకోడు, ఎందుకంటే అప్పటికే నమ్మకం కుదిరింది. దీనికి తోడు ఇంకో చిక్కుంది. బీపీ గంటగంటకూ మారుతుంది. ఎండలో నడిచొచ్చి, ఆందోళనగా కూర్చుని చూపించుకున్న మొదటి అంకె చాలాసార్లు ఆ మనిషి అసలు సగటు కంటే ఎక్కువే ఉంటుంది. ఏ మందూ వేయకపోయినా రెండోసారి అది కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. ఆ తగ్గుదల మధ్యలో ఏది తాగితే దాని ఖాతాలో పడుతుంది.

ఇది కొద్దిమంది సమస్య కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్ళు దాటిన స్త్రీలలో 26 శాతం మందికి, పురుషులలో 31 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా వాళ్ళు దానికి మందులు వాడుతున్నారు. కాబట్టి ఏ మూలిక ఎంత పని చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో, ఏది ఎదురు తిరుగుతుందో తేల్చుకోవాల్సిన అవసరం దాదాపు ప్రతి ఇంటికీ ఉంది.

డ్రిప్పు లైన్లో ఒత్తిడి

నల్లగొండ బత్తాయి తోటల్లో డ్రిప్పు వేసిన రైతుకు రక్తపోటు గురించి కొత్తగా చెప్పాల్సింది తక్కువ. లైన్లో ఒత్తిడి మూడు విషయాల మీద ఆధారపడుతుంది: మోటారు ఎంత బలంగా తోస్తోంది, లైన్లో ఎన్ని నీళ్ళున్నాయి, పైపు ఎంత వెడల్పుగా ఉంది. మోటారు గుండె, నీళ్ళు రక్తం, పైపులు ధమనులు. లోపల పాచి పట్టి పైపు ఇరుకైనా, నీళ్ళు ఎక్కువైనా ఒత్తిడి పెరిగి బలహీనంగా ఉన్న జాయింటు దగ్గర లైను పగులుతుంది. ఒంట్లో ఆ బలహీనమైన చోట్లు మెదడు, మూత్రపిండాలు, కంటి వెనక పొరల్లోని సన్నని రక్తనాళాలు. అయితే తోటలో లేని రెండు ఏర్పాట్లు ఒంట్లో ఉన్నాయి. ధమనుల గోడల్లో కండరం ఉంటుంది; నరాల నుంచి వచ్చే సంకేతాన్ని బట్టి అది బిగుసుకుంటుంది, సడలుతుంది. రెండోది మూత్రపిండం. తిన్న ఉప్పులో ఎంత బయటికి పంపాలో, ఎంత ఉంచుకోవాలో అదే నిర్ణయిస్తుంది. ఉప్పు మిగిలితే దాని వెంట నీళ్ళూ మిగులుతాయి.

బీపీ గోలీలన్నీ ఈ చోట్లలో ఏదో ఒకదాని మీద పని చేసేవే. అమ్లోడిపిన్ ధమని గోడల కండరంలోకి కాల్షియం పోకుండా అడ్డుపడి దాన్ని సడలిస్తుంది. టెల్మిసార్టన్ ధమనులను బిగించే ఆంజియోటెన్సిన్ అనే రసాయనం పని చేయకుండా ఆపుతుంది. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే గోలీలు ఉప్పునూ నీటినీ బయటికి పంపుతాయి. మెటోప్రొలాల్, అటెనొలాల్ గుండె వేగాన్ని తగ్గిస్తాయి. ఎవరైనా ఒక ఆకునో వేరునో బీపీకి మంచిదంటే అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇక్కడి నుంచే పుడతాయి. అది ఈ చోట్లలో ఎక్కడ పని చేస్తుంది? ఎంత మోతాదు కావాలి? మోతాదు మించితే ఏమవుతుంది? ప్రకృతిసిద్ధమా, ఫ్యాక్టరీలో తయారైందా అన్న ప్రశ్న వీటిలో దేనికీ జవాబివ్వదు.

వేరు నుంచి గోలీ దాకా

మూలికలకు బీపీని దించే శక్తి లేదని ఎవరైనా అంటే అది చరిత్ర తెలియని మాట. ఆధునిక వైద్యానికి దొరికిన తొలి బీపీ మందుల్లో ఒకటి మన దేశపు వేరు నుంచి వచ్చింది. సర్పగంధ వేరును మన వైద్యులు చాలాకాలంగా నిద్ర పట్టకపోవడానికీ, మతి చలించిన వాళ్ళను శాంతపరచడానికీ వాడేవారు. 1931లో కలకత్తాకు చెందిన గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు బీపీని కూడా తగ్గిస్తుందని రాశారు. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల మీద చూసిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాక ప్రపంచం ఇటు తిరిగి చూసింది. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు వేరులోంచి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు.

అది ఎలా పని చేస్తుందో తెలిసేకొద్దీ దాని బలమూ ప్రమాదమూ ఒకే చోట ఉన్నాయని తేలింది. ధమనులను బిగించమని చెప్పే నరాల చివర్లలో నారడ్రినలిన్ అనే రసాయనం చిన్న చిన్న సంచుల్లో నిల్వ ఉంటుంది. రిసర్పిన్ ఆ సంచులు మళ్ళీ నిండకుండా చేస్తుంది. సంచులు ఖాళీ అయితే సంకేతం బలహీనపడుతుంది, ధమనులు సడలుతాయి, బీపీ దిగుతుంది. కానీ అలాంటి సంచులు మెదడులోనూ ఉన్నాయి. తొలి రోజుల్లో ఎక్కువ మోతాదుల్లో వాడినప్పుడు కొందరు తీవ్రమైన నిరాశలోకి జారిపోయారు. ముక్కు దిబ్బడ, మగత సరేసరి. తర్వాత మోతాదు బాగా తగ్గించారు. ఆ చిన్న మోతాదుతోనే వైద్య చరిత్రలో ఒక పెద్ద నిరూపణ జరిగింది. బీపీని తగ్గిస్తే నిజంగా ప్రాణం నిలుస్తుందా అన్న ప్రశ్నకు 1967లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన తొలిసారి గట్టి జవాబిచ్చింది. బీపీ చూసినప్పుడు వచ్చే రెండు అంకెల్లో కిందిది 115 నుంచి 129 మధ్య ఉన్న 143 మంది పురుషులను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మూడు మందులు కలిపి ఇచ్చారు, అందులో రిసర్పిన్ ఒకటి. రెండో జట్టుకు మందు లేని ఉత్తుత్తి గోలీలు. ఉత్తుత్తి గోలీల జట్టులో 27 మందికి ప్రాణాంతకమైన లేదా తీవ్రమైన ముప్పు వాటిల్లింది. మందుల జట్టులో ఇద్దరికే.

ఇంత పేరున్న వేరును ఇంట్లో నూరి ఎందుకు తాగకూడదు? ఏ చెట్టు వేరు, ఎంత వయసుది, ఏ నేలలో పెరిగింది, ఏ కాలంలో తవ్వారు అన్నదాన్ని బట్టి అందులోని రిసర్పిన్ మారిపోతుంది. పావు మిల్లీగ్రాము దగ్గర తూచి ఇవ్వాల్సిన పదార్థాన్ని చిటికెడు, చెంచాడు అని కొలిస్తే ఒకరోజు ఏమీ కాదు, ఇంకోరోజు మనిషి మత్తుగా పడిపోతాడు. పైగా అసలు సర్పగంధ కొరతైపోయింది. 1990 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉంది. అదే కుటుంబానికి చెందిన మరో మొక్క వేర్లను కల్తీగా అమ్మడం మూలికల వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్నదే. చివరికి రిసర్పిన్ కూడా పక్కకు తప్పుకుంది, అంతకంటే తక్కువ బాధతో పని చేసే గోలీలు వచ్చాయి కాబట్టి. మూలికను వైద్యం చిన్నచూపు చూసిందనే వాళ్ళు ఈ చరిత్రను ఎలా వివరిస్తారో తెలియదు. వేరును తీసుకుంది, తూచింది, ప్రాణాలు నిలబెట్టింది, లోపం కనబడ్డాక వదిలేసింది. ఏ మందు విషయంలోనైనా జరగాల్సింది ఇదే.

ఎల్లిగడ్డ, పుంటికూర, ఆకుకూరలు

సర్పగంధ అంత ఘాటుగా కాకపోయినా వంటింటి సరుకుల్లో కొన్నింటికి బీపీని కాస్త దించే గుణం ఉందని మనుషుల మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. వీటిలో ఎక్కువ పరీక్షలకు నిలిచింది ఎల్లిగడ్డ. దాన్ని దంచినప్పుడు అల్లిసిన్ అనే గంధకపు పదార్థం పుడుతుంది. దాని నుంచి వచ్చే పదార్థాలు రక్తనాళాల గోడలను సడలించడంలో సాయపడతాయి. బీపీ ఉన్నవాళ్ళ మీద జరిగిన పరిశోధనలను కలిపి లెక్కవేస్తే పై అంకె సగటున 8 దాకా తగ్గినట్టు వచ్చింది. ఒక మామూలు బీపీ గోలీ సగటున తగ్గించేది 9 దాకా. అయితే ఎల్లిగడ్డ గోలీకి సమానమే కదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. మొదటి సంగతి, ఆ పరిశోధనల్లో వాడింది కొలత తప్పని పొడి గోలీలు, నెలల తరబడి మాగబెట్టి తీసిన సారం; పప్పులో వేసిన పోపు కాదు. అల్లిసిన్ పుట్టించే ఎంజైము వేడికి చచ్చిపోతుంది, కాబట్టి దంచకుండా నూనెలో వేయించిన రెబ్బలో అది ఉండదు. రెండో సంగతి ఇంకా ముఖ్యం. ఆ పరిశోధనలు చిన్నవి, కొద్ది నెలలవి. అంకె తగ్గిందని చూపాయి తప్ప పక్షవాతం తగ్గిందని చూపలేదు. బీపీ మందుల వెనక ఉన్న లెక్క వేరు: 2016లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష 123 పరిశోధనలను, ఆరు లక్షలకు పైగా మనుషులను కలిపి చూసింది. పై అంకె 10 తగ్గితే పక్షవాతం 27 శాతం, గుండె వైఫల్యం 28 శాతం, మరణాలు 13 శాతం తగ్గాయి. మనకు కావాల్సింది మిషన్ మీద మంచి అంకె ఒక్కటే అయితే పోటీ దగ్గర దగ్గరగానే ఉండేది.

పుంటికూర సంగతి మనకు ఇంకా దగ్గరిది. పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఎర్రటి కండ రేకలుండే రకం ఒకటుంది. ఆ రేకలను ఎండబెట్టి నీళ్ళలో మరిగించిన ఎర్రటి పానీయం ఆఫ్రికా, మెక్సికోల్లో వాడుకలో ఉంది. 2010లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు బీపీ కాస్త ఎక్కువగా ఉన్న 65 మంది మీద దీన్ని పరీక్షించారు. రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవాళ్ళ పై అంకె సగటున 7 దాకా తగ్గింది. ఆ రేకల్లోని ఎర్ర రంగు పదార్థాలకు ఆంజియోటెన్సిన్ తయారీని కొంత అడ్డుకునే గుణం, మూత్రాన్ని కాస్త పెంచే గుణం ఉన్నట్టు ప్రయోగశాలల్లో కనబడింది. కానీ 2021లో కొక్రేన్ సంస్థ సమీక్షకులు ఉన్న ఆధారాలన్నీ జల్లెడ పట్టి, బీపీకి దీన్ని మందుగా సిఫారసు చేయడానికి ఇవి చాలవన్నారు. పైగా పరీక్షించింది రేకల పానీయాన్ని. మనం తినేది ఆకు. అదీ ఎలా తింటున్నామో కాసేపట్లో చూద్దాం.

మూడోది ఆకుకూరలు, బీట్‌రూట్. తోటకూర, పాలకూర, బచ్చలి నేలలోని నైట్రేట్‌ను పీల్చి దాచుకుంటాయి. మనం తిన్న నైట్రేట్ కొంత లాలాజలంలోకి తిరిగొస్తుంది. నాలుక మీదుండే సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, అది రక్తంలోకి చేరి నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, ధమనుల గోడలు సడలుతాయి. (ఘాటైన మౌత్‌వాష్‌తో రోజూ నోరు కడుక్కునేవాళ్ళు ఆ మేలు చేసే జీవులనూ ఊడ్చేస్తున్నారని గుర్తుంచుకోవాలి.) 2015లో లండన్‌లో బీపీ ఉన్నవాళ్ళకు నాలుగు వారాలు రోజుకు పావు లీటరు బీట్‌రూట్ రసం ఇస్తే పై అంకె 8 దాకా దిగింది. రసం ఆపిన రెండు వారాల్లో ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చింది. గోలీ అయితే బతికినంత కాలం వేసుకోవాలని బెంగపడేవాళ్ళు ఈ చివరి వాక్యం మళ్ళీ చదువుకోవాలి. బతికినంత కాలం కావాల్సింది గోలీ ఒక్కటే కాదు, బీపీని దించే ఏదైనా అంతే.

తెల్లమద్ది బెరడు, మునగాకుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. తెల్లమద్ది మీద జరిగిన చిన్న పరిశోధనలు ఎక్కువగా గుండె నొప్పి, గుండె బలహీనతల గురించి. బీపీ విషయంలో దానికి గట్టి ఆధారం లేదు. మునగాకు మంచి ఆహారం, అంతవరకే.

బాక్స్: ఉత్తుత్తి గోలీ ఎందుకు?

టఫ్ట్స్ పరిశోధనలో సగంమందికి పుంటి రేకల పానీయం ఇస్తే, మిగతా సగానికి అదే రంగు, అదే రుచి ఉన్న ఉత్తుత్తి పానీయం ఇచ్చారు. ఎవరు ఏది తాగుతున్నారో వాళ్ళకు చెప్పలేదు. ఉత్తుత్తిది తాగినవాళ్ళ బీపీ కూడా సగటున 1 పైచిలుకు తగ్గింది. కొన్ని పరిశోధనల్లో ఇది ఇంకా ఎక్కువ ఉంటుంది. పరీక్షలకు అలవాటు పడి ఆందోళన తగ్గడం, మొదటి అంకె ఎక్కువగా ఉండటం, పరిశోధనలో ఉన్నామని తిండి జాగ్రత్తగా తినడం దీనికి కారణాలు. మందు అసలు బలం తెలియాలంటే ఆ తగ్గుదలను తీసివేయాలి. ఊళ్ళో ఒక మనిషి చెప్పే కషాయం అనుభవంలో తీసివేయడానికి రెండో జట్టు ఉండదు. అందుకే అది ఎంత నిజాయితీగా చెప్పినా రుజువు కిందికి రాదు.

తొక్కులో పోయే లాభం

పుంటికూరను ఎలా తింటున్నామన్న ప్రశ్నకు వద్దాం. జొన్నరొట్టెలోకి పుంటికూర పప్పు మంచి జోడీ. కానీ ఏడాది పొడవునా నిల్వ ఉండేది తొక్కు. తొక్కు నిల్వ ఉండాలంటే ఉప్పు పడాలి. ఢిల్లీ-హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో ఇరవై నాలుగు గంటల మూత్రాన్ని పరీక్షించి చేసిన ఒక సర్వేలో మన తెలుగువాళ్ళు రోజుకు సగటున తొమ్మిదిన్నర గ్రాముల దాకా ఉప్పు తింటున్నారని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 5 గ్రాములు. పశ్చిమ దేశాల్లో ఉప్పు ఎక్కువగా బ్రెడ్డు, ప్యాకెట్ల తిండిలోంచి వస్తే, మనకు చాలావరకు పొయ్యి మీద, విస్తట్లో పడుతుంది. దీనివల్ల ఒక మేలుంది. తగ్గించే అధికారం కంపెనీ చేతిలో కాక వండేవాళ్ళ చేతిలో, తినేవాళ్ళ చేతిలో ఉంది. రోజుకు 4 గ్రాముల పైచిలుకు ఉప్పు తగ్గించినవాళ్ళలో, బీపీ ఉన్నవాళ్ళకు పై అంకె 5 దాకా దిగినట్టు పరిశోధనల సమీక్ష చెబుతోంది. ఎర్ర రేకలు దించే 7 ఎంత బాగున్నా, ఆ మొక్క ఆకునే ఉప్పులో ముంచి తింటే చేతికొచ్చేది ఎంతో లెక్క కట్టుకోవచ్చు.

ఇక్కడ ఉప్పుకు ఎదురు నిలిచేది పొటాషియం. ఆకుకూరలు, పప్పులు, ఉలవలు, పండ్లలో ఇది దండిగా ఉంటుంది. తిండిలో పొటాషియం పెరిగితే మూత్రపిండం ఉప్పును పట్టి ఉంచే పనిని సడలించి బయటికి వదులుతుంది. 1997లో అమెరికాలో జరిగిన డ్యాష్ అనే పరిశోధనలో ఉప్పును మార్చకుండానే పండ్లు, కూరగాయలు, వెన్న తీసిన పాల పదార్థాలు పెంచితే బీపీ ఉన్నవాళ్ళలో పై అంకె 11 దాకా తగ్గింది. పైన చూసిన వంటింటి సరుకుల్లో ఏ ఒక్కటీ ఇంత చేయలేదు. 2021లో చైనాలో 600 పల్లెల్లో ముగిసిన పరిశోధన ఇంకా ముందుకెళ్ళింది. మామూలు ఉప్పులో పావు వంతు తీసి పొటాషియం ఉప్పు కలిపి ఇస్తే అయిదేళ్ళలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. పక్షవాతం తగ్గినట్టు పల్లె జనం మీదే నిరూపించిన వంటింటి మార్పు ఇది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళూ, టెల్మిసార్టన్ లాంటి మందు వాడేవాళ్ళూ మాత్రం డాక్టరును అడగకుండా ఆ ఉప్పు జోలికి పోకూడదు. పొటాషియం మితిమీరితే గుండె లయ తప్పుతుంది. ఇక సైంధవ లవణం వాడితే బీపీ రాదన్న ప్రచారం మాటకొస్తే, అది కూడా దాదాపు అంతా సోడియం క్లోరైడే. గులాబీ రంగు ఉన్నంత మాత్రాన మూత్రపిండం దాన్ని వేరుగా చూడదు.

ఆకులకేం హాని అనేవాళ్ళకు

గోలీలకు దుష్ప్రభావాలుంటాయి, మూలికలకు ఉండవు అన్నది అన్నింటికన్నా గట్టిగా వినిపించే వాదన. మొదటి సగం నిజం. అమ్లోడిపిన్ కొందరికి కాళ్ళ వాపు తెస్తుంది, చెబితే మందు మారుస్తారు. రెండో సగానికి అతిమధురం ఒక్కటి చాలు జవాబుగా. దగ్గుకూ, కడుపు మంటకూ వాడే ఈ వేరులోని గ్లైసిరైజిన్ మూత్రపిండంలో ఒక ఎంజైమును ఆపేస్తుంది. ఆ ఎంజైము పని మన ఒంట్లోనే పుట్టే కార్టిసాల్ హార్మోనును మూత్రపిండం గుమ్మం దగ్గర నిర్వీర్యం చేయడం. అది ఆగిపోతే కార్టిసాల్ ఉప్పును పట్టి ఉంచమని ఆజ్ఞ ఇస్తుంది, పొటాషియం బయటికి పోతుంది, బీపీ ఎక్కుతుంది. బీపీ గోలీ వేసుకుంటూనే గొంతు కోసం రోజూ అతిమధురం చప్పరించే మనిషి ఒక చేత్తో దించి ఇంకో చేత్తో ఎక్కిస్తున్నట్టే.

పొడిలో ఆ మూలిక తప్ప ఇంకేమీ లేదన్న హామీ కూడా దొరకదు. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షించి 2008లో అమెరికా వైద్య పత్రిక జామాలో ప్రచురించిన పరిశోధనలో అయిదింట ఒకదానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి దొరికింది. సీసం బీపీని పెంచుతుంది, మూత్రపిండాన్ని పాడు చేస్తుంది. ఆ ఉత్పత్తుల్లో కొన్ని అమెరికాలోనే తయారైనవి, కాబట్టి ఇది మన దేశాన్ని వేలెత్తి చూపే మాట కాదు. కొలత, పరీక్ష లేని చోట ఎక్కడైనా జరిగేదే.

నల్లగొండకు సంబంధించి ఇంకో మాట చెప్పాలి. మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో ఏళ్ళ తరబడి ఫ్లోరైడు నీళ్ళు తాగిన తరం ఇంకా కీళ్ళ నొప్పులతో బాధపడుతోంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి గోలీలు రోజూ మింగేవాళ్ళున్నారు. ఇవి మూత్రపిండంలో ఉప్పును బయటికి పంపడానికి తోడ్పడే ప్రోస్టాగ్లాండిన్లను అణుస్తాయి. ఫలితంగా ఉప్పు నిలుస్తుంది, బీపీ పెరుగుతుంది, బీపీ గోలీ పట్టు సడలుతుంది. ఆకు మందు అని అమ్మే నొప్పుల పొడుల్లో ఇలాంటి మందులో స్టెరాయిడ్లో కలిపిన ఉదంతాలు అనేక దేశాల్లో బయటపడ్డాయి. బీపీ గోలీ పని చేయడం లేదని కషాయానికి మారే మనిషి ముందుగా చూసుకోవాల్సింది నొప్పి గోలీల పొట్లం.

అడవిలో వాళ్ళకు బీపీ లేదు కదా అన్న వాదన మిగిలింది. నల్లమలలో అమ్రాబాద్ చెంచులు గోలీల్లేకుండా మూలికలతోనే ఆరోగ్యంగా ఉండేవాళ్ళని అంటారు. అడవి జనం బీపీని కొలిచి చూసిన లెక్క ఒకటుంది. 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం 32 దేశాల్లో పదివేల మందికి పైగా పరీక్షించింది. అందులో బ్రెజిల్ అడవుల యానోమామి జనానికి బీపీ సగటున 96/61 దగ్గర ఉంది. వయసుతో పెరగలేదు కూడా. వాళ్ళ తిండిలో ఉప్పు దాదాపు సున్నా, ఒంట్లో కొవ్వు తక్కువ, రోజంతా నడక. అడవి మనిషి ఆరోగ్యానికి కారణం వెతికేటప్పుడు అతడు తాగిన వేరు కన్నా ముందు అతడు తినని ఉప్పును లెక్కలోకి తీసుకోవాలి. చెంచు పెద్దలు ఎన్నో మూలికలు ఎరిగినవాళ్ళే, ఆ జ్ఞానానికి విలువ ఉంది. కానీ బీపీ అన్నది మిషన్ లేకుండా కనబడని జబ్బు. పైకి కనబడని దానికి మందు ఏదో అనుభవంతో కనిపెట్టడం అడవిలోనైనా, హైదరాబాద్‌లోనైనా కష్టం.

గోలీ పక్కన ఆకు

ఇంతవరకు చూసినదాన్ని బట్టి ఒక తీర్పు చెప్పవచ్చు. బీపీని గట్టిగా దించే మూలిక ఏదైనా అది మందే, కాబట్టి మందులా తూచి, పరీక్షించి మాత్రమే వాడాలి. మెత్తగా దించేది ఆహారం, కాబట్టి ఆహారంలా రోజూ, ఉప్పు తగ్గించి తినాలి. ఆకుకూర పప్పు, పచ్చి ఎల్లిగడ్డ, ఉలవచారు, జొన్నరొట్టె గోలీకి పోటీ కావు, తోడు. వాటితో, నడకతో, బరువు తగ్గడంతో బీపీ నిలకడగా దిగితే గోలీ మోతాదు తగ్గించే పని డాక్టరే చేస్తారు. సొంతంగా ఆపడం మాత్రం వద్దు. అటెనొలాల్, మెటోప్రొలాల్ వాడేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే గుండె దడ, గుండె నొప్పి రావచ్చు. రక్తం పలచబడే మందు వాడేవాళ్ళు ఎల్లిగడ్డ సారం గోలీలు మొదలుపెడితే రక్తస్రావం పెరిగే ప్రమాదం ఉంది. ఇక బీపీని సమూలంగా నయం చేస్తామనే ప్రకటనల మాటకొస్తే, మన దేశంలో 1954 నాటి చట్టం ఏ జబ్బుల పేరుతో మందుల ప్రకటనలు ఇవ్వకూడదో ఒక పట్టిక ఇచ్చింది. రక్తపోటు ఆ పట్టికలో ఉంది.

బీపీకని, కీళ్ళకని, నిద్రకని ఏ పొడి, ఏ కషాయం వాడుతున్నా దాన్ని దాచుకోకండి. తిడతారన్న భయం వద్దు. మీ ఊరి పల్లె దవాఖానకో, పీహెచ్‌సీకో వెళ్ళేటప్పుడు గోలీల పట్టీతో పాటు ఆ డబ్బాను, పొట్లాన్ని కూడా సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరు ముందు పెట్టండి. కషాయం తాగుతూ గోలీ ఆపినవాళ్ళుంటే వారం తిరక్కముందే కాదు, నెల గడిచాక కూడా బీపీ చూపించుకోండి.